నాట్ కింగ్ కోల్ మూడు రికార్డుల సెట్ కొన్న, పాటలు అసలువి కావంట. నిజమా?

లాలాగూడ_రాజు

అమెరికా గాయకుడు నాట్ కింగ్ కోల్‌ది, రెండేళ్ళ నుంచి వెతుకుతున్న సెట్ మొత్తానికి దొరికింది. "ది నాట్ కింగ్ కోల్ స్టోరీ", క్యాపిటల్ రికార్డు కంపెనీది, 1961, మూడు ఎల్పీలు, 36 పాటలు. అట్ట మూలలు నలిగినయ్ గానీ రికార్డుల మీద గీతలు తక్కువే. అమ్మినాయన ఆన్‌లైన్‌ల "కెరీర్ మొత్తం, అన్నీ ఒరిజినల్ హిట్లు" అని రాసిండు, నేను గూడ ఎక్కువ అడగకుండ డబ్బులు పంపిన.

నిన్న రాత్రి మొదటి రికార్డు పెట్టిన. మొదటి పాట "స్ట్రెయిటెన్ అప్ అండ్ ఫ్లై రైట్". ముల్లు దించి కొన్ని సెకన్లు కాలేదు, ఇది నాకు తెల్సింది కాదని అర్థమైంది. పాట అదే, పాడింది ఆయనే, కానీ గొంతు బరువెక్కింది, వాయిద్యాలు రెండు స్పీకర్లల విడివిడిగ వస్తున్నయ్. 1943 పాటకు స్టీరియో ఎక్కడ్నుంచి వచ్చింది?

మా నాన్న రైల్వేల చేసిండు. లాలాగూడ క్వార్టర్లల మా పక్కింట్ల ఆంగ్లో ఇండియన్ కుటుంబం ఉండె, ఆ ఆంటీ దగ్గర కోల్‌వి 78లు, అంటే నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత రకం రికార్డులు ఉండె. తర్వాత వాళ్ళు ఆస్ట్రేలియా పోయిండ్రు, రికార్డులు గూడ వాళ్ళతోనే పోయినయ్. ఆ గొంతు మళ్ళ ఇనాలనే ఈ సెట్ కొన్న. ఇప్పుడు చెప్పుండ్రి, నేను మోసపోయినట్టేనా? ఇంకోటి, మొదటి నుంచి చివరి దాక అసలు రికార్డింగులతోనే ఒక్క చోట ఉన్న సెట్ ఏదన్న ఉన్నదా?

నల్లరేకు

అమ్మినాయన తప్పు రాశాడు, అది వేరే సంగతి. సెట్ మాత్రం దొంగది కాదు రాజు గారూ, దాన్ని తయారుచేసిందే అలా.

అమెరికాలో స్టీరియో ఎల్పీలు బజార్లోకి వచ్చింది 1958లో. కోల్ పెద్ద హిట్లు చాలావరకు అంతకుముందువి, అన్నీ మోనో, అంటే రెండు స్పీకర్లలోనూ ఒకే ధ్వని, సగం 78ల కాలం నాటివి. కొత్తగా స్టీరియో మెషిన్ కొనుక్కున్నవాడికి పాత మోనో పాటలు ఏం అమ్ముతాం అని కంపెనీ ఆలోచించింది. నిర్మాత లీ జిలెట్, ఎక్కువ పాటలకి ఆర్కెస్ట్రా నడిపింది రాల్ఫ్ కార్మైకేల్. పాత అరేంజ్‌మెంట్లే ముందు పెట్టుకుని, వీలైనంత అలాగే వాయించి, ఆయన చేత మళ్ళీ పాడించారు. చివరి రికార్డులో కొన్ని మాత్రం 1956 చివర్లో, ఆ తర్వాత చేసినవి, అప్పటికే స్టీరియోలో ఉన్నాయి కాబట్టి వాటిని కదపలేదు. "స్టార్‌డస్ట్" అలాంటిదే, అది 1956 డిసెంబరులో పాడిన అసలుదే.

కాబట్టి మీ దగ్గరున్నది కంపైలేషన్ (పాత పాటలు ఏరి కూర్చిన సెట్) లాంటి కొత్త ఆల్బమ్. గ్రామీల్లో ఆల్బమ్ ఆఫ్ ది ఇయర్‌కి నామినేట్ కూడా అయింది, ఆ ఏడాది జూడీ గార్లండ్ కార్నెగీ హాల్ కచేరీ గెలిచింది.

మోనో_మామ

నా దృష్టిలో మోసమే. "స్టోరీ" అని పేరు పెట్టి కథ మొత్తం ఒకే ఏడాదిలో చెప్పిస్తే అది స్టోరీ ఎలా అవుతుంది. 24 ఏళ్ళ కుర్రాడు 1943లో పాడిన పాట, 42 ఏళ్ళ పెద్దమనిషి 1961లో పాడితే ఆ తుళ్ళింత ఎక్కడినుంచి వస్తుంది చెప్పండి. పెళ్ళినాటి ఫోటో పోతే ఇప్పుడు మళ్ళీ అదే చీర కట్టుకుని తీయించుకున్నట్టు.

డల్లాస్_పిన్ని

మోనో మామ గారూ మా ఇంట్లో సరిగ్గా అదే జరిగింది, షష్టిపూర్తికి మళ్ళీ తీయించుకున్నాం. ఆ రెండో ఫోటోనే హాల్లో పెట్టుకున్నాం, అందులోనే ఇద్దరం నవ్వుతున్నాం 🙂

బుజ్జి_బెజవాడ

నాకు ఈయన గురించి తెలిసింది ఒక్కటే, కూతురితో కలిసి పాడిన "అన్‌ఫర్గెటబుల్". అది కూడా ఈ సెట్‌లో ఉందా?

నల్లరేకు

@బుజ్జి_బెజవాడ కూతురితో పాడిన పాట 1991ది, అప్పటికి ఆయన పోయి 26 ఏళ్ళు. నాన్న పాత రికార్డింగ్ తీసుకుని దాని పక్కన నటాలీ కోల్ తన గొంతు కలిపింది. 1992 గ్రామీల్లో ఆ పాటకి, ఆల్బమ్‌కి పెద్ద అవార్డులన్నీ వచ్చాయి. పాట రాసిన ఇర్వింగ్ గోర్డన్‌కి సాంగ్ ఆఫ్ ది ఇయర్ వచ్చింది, పాట పుట్టిన 40 ఏళ్ళకి! నాన్న ఒక్కడే పాడింది 1951లో, అరేంజ్‌మెంట్ నెల్సన్ రిడిల్. రాజు గారి సెట్‌లో ఉన్నది 1961లో తిరిగి పాడింది.

మధ్యరాత్రి_పియానో

మీరందరూ గొంతు దగ్గరే ఆగిపోయారు. నాకు ఈ సెట్ మీదే కాదు, ఈయన పేరు మీద వచ్చిన దాదాపు ప్రతి కంపైలేషన్ మీదా ఒక కోపం ఉంది, చాలా ఏళ్ళ కోపం, చెప్తా.

ఈ మనిషి ముందు పియానిస్ట్. తర్వాతే గాయకుడు. 1919లో అలబామా రాష్ట్రం మాంట్‌గామరీలో పుట్టాడు, చిన్నప్పుడే కుటుంబం షికాగో వచ్చేసింది, తండ్రి బాప్టిస్ట్ చర్చిలో పాస్టర్, తల్లి అదే చర్చిలో ఆర్గాన్ వాయించేది, మొదటి గురువు ఆవిడే. షికాగోలో ఎర్ల్ హైన్స్ పియానో వింటూ పెరిగాడు. 1937లో ఒక నాటక బృందంతో తిరుగుతూ కాలిఫోర్నియా వచ్చాడు, అక్కడ బృందం దివాళా తీసింది, ఇంక లాస్ ఏంజెలెస్‌లోనే ఉండిపోయి క్లబ్బుల్లో వాయించుకుంటూ ట్రయో పెట్టాడు. పియానో, ఆస్కర్ మూర్ గిటార్, వెస్లీ ప్రిన్స్ బేస్. డ్రమ్స్ లేవు! పెద్ద పెద్ద బ్యాండ్లు రాజ్యమేలుతున్న రోజుల్లో డ్రమ్స్ లేకుండా ముగ్గురు కూర్చుని ఒకరి మాట ఒకరు అందుకున్నట్టు వాయించేవాళ్ళు. తర్వాత ఆస్కర్ పీటర్సన్ లాంటి పియానిస్టులు ఇదే దారి పట్టుకున్నారు. రే చార్లెస్ మొదట్లో ఈయన్ని అనుకరిస్తూనే పాడాడు, వాయించాడు.

1944లో లాస్ ఏంజెలెస్‌లో మొట్టమొదటి జాజ్ ఎట్ ది ఫిల్‌హార్మోనిక్ కచేరీ అయింది కదా, అందులో గిటార్ లెస్ పాల్, శాక్సఫోన్ ఇల్లినాయ్ జాకే, పియానో మన కోల్. ఆ వాయింపు వింటే ఇదే మనిషి తర్వాత "మోనా లిసా" పాడాడా అనిపిస్తుంది. 1946లో శాక్సఫోన్ లెస్టర్ యంగ్, డ్రమ్స్ బడ్డీ రిచ్‌లతో ముగ్గురే కూర్చుని చేసిన రికార్డింగులు ఉన్నాయి. ఇవేవీ "కెరీర్ మొత్తం" అని అమ్మే సెట్లలో కనపడవు. గొంతు అమ్ముడుపోయింది కాబట్టి వేళ్ళని కత్తిరించేశారు.

మోనో_మామ

ఈ పోస్టుకి నమస్కారం. ఒక్క చిన్న మాట, మొదటి వైపు ట్రయో పాటలు 1961లో కూడా చిన్న గ్రూప్‌తోనే చేశారు, ఆర్కెస్ట్రా లేదు. అప్పటి ఆయన మనుషులు, గిటార్ జాన్ కాలిన్స్, బేస్ చార్లీ హారిస్. అంటే ఆయనకీ తెలుసు తను ఎక్కడ మొదలయ్యాడో.

మధ్యరాత్రి_పియానో

ఒప్పుకుంటా. కానీ 36లో అవి ఎన్ని? వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

కడప_కోకిల

నేను మోనో మామ పక్షమే. క్యాసెట్ల కాలంలో మేము పడిన బాధ మీకు గుర్తుండాది కదా. అట్ట మీద ఘంటసాల బొమ్మ, పేరు పెద్ద అక్షరాల్లో, కొనుక్కోని ఇంటికొచ్చి వేస్తే ఎవరో కుర్రోడు కీబోర్డు పెట్టుకోని పాడేది. మా నాయన ఆ క్యాసెట్ పట్టుకోని మళ్లా షాపుకి పోయి నిలబడినాడు, వాళ్లు అట్ట వెనక సన్న అక్షరాల్లో రాసుండాదని చూపించినారు. అప్పట్నుంచి "రీ రికార్డింగ్" అంటేనే నాకు కడుపులో మండుతాది.

నల్లరేకు

@కడప_కోకిల మీ నాన్నగారి బాధ అర్థమైంది, మా ఇంట్లోనూ అలాంటివి రెండున్నాయి. కానీ అక్కడ పాడింది వేరేవాళ్ళు. ఇక్కడ పాడింది ఆయనే. ఘంటసాల గారే తన చివరి రోజుల్లో తన పాత పాటలన్నీ మంచి స్టూడియోలో మళ్ళీ పాడి ఉంటే మీరు వద్దంటారా?

కడప_కోకిల

...అట్లా అడిగితే ఏం చెప్పాల. ఎన్ని డబ్బులైనా పెట్టి కొంటా.

డల్లాస్_పిన్ని

నేను ఈ దేశం వచ్చి చాలా ఏళ్ళయింది, నవంబరు నెల చివర్లో మొదలుపెట్టి జనవరి దాకా సూపర్ మార్కెట్లో, బ్యాంకులో, డాక్టరు దగ్గర వెయిటింగ్ రూములో ఈయన "ది క్రిస్మస్ సాంగ్" వినపడని రోజు ఉండదు. మొదటి చలికాలంలో అమ్మ మీద బెంగతో ఏడుపొచ్చేది, అప్పుడు ఎక్కడికెళ్ళినా ఈ గొంతే. ఎవరో తెలియదు, పేరు కూడా తెలియదు, పెద్దాయన ఎవరో తలమీద చెయ్యి వేసినట్టు ఉండేది. అందుకే మా అబ్బాయి చేత వివరాలు వెతికించాను ఒకసారి.

ఆయన ఆ పాటని నాలుగు సార్లు రికార్డ్ చేశాడుట. 1946లో రెండుసార్లు, మొదట ట్రయోతోనే, తర్వాత వయొలిన్లు కలిపి. 1953లో ఒకసారి. 1961లో స్టీరియోలో ఇంకోసారి. ప్రపంచమంతా ఇవాళ్టికీ రేడియోలో వినేది ఆ నాలుగోదే. ఆ నాలుగోది దేనికోసం పాడాడో తెలుసా? రాజు గారు మోసపోయానంటున్న ఈ సెట్ కోసమే!

లాలాగూడ_రాజు

ఏందీ? నిజంగనా పిన్నీ? అంటే రేడియోల వచ్చేది నా దగ్గరున్న రికార్డుదేనా?

నల్లరేకు

పిన్ని గారు చెప్పింది అక్షరాలా నిజం. 1961 మార్చిలో న్యూయార్క్‌లో పాడాడు. 1960లో ఆయన క్రిస్మస్ ఆల్బమ్ ఒకటి వచ్చింది, అందులో ఈ పాటే లేదు! 1963లో ఆ ఆల్బమ్‌ని పేరు మార్చి మళ్ళీ వేసినప్పుడు ఈ సెట్ నుంచి పాట తీసుకెళ్ళి అందులో చేర్చారు. అప్పట్నుంచి జనం అది ఆ ఆల్బమ్ పాటే అనుకుంటున్నారు. రాజు గారూ, మీ మొదటి రికార్డు మొదటి వైపు చివరి పాట చూసుకోండి.

బుజ్జి_బెజవాడ

ఆ పాట రాసింది జులై నెల ఎండలో అని ఎక్కడో చదివాను, నిజమేనా

డల్లాస్_పిన్ని

నిజమే బుజ్జీ. 1945 జులైలో, లాస్ ఏంజెలెస్ ఎండలు భరించలేక బాబ్ వెల్స్ అనే ఆయన చలి గురించి నాలుగు మాటలు కాగితం మీద రాసి పెట్టుకున్నాడు, చల్లగా అనిపిస్తుందని. మెల్ టార్మే వచ్చి చూసి ఇద్దరూ కూర్చుని గంటలోపే పాట పూర్తి చేశారని చెప్తారు. రోహిణీ కార్తెలో బెజవాడలో కూర్చుని మాఘమాసం చలి గురించి రాసినట్టు అనుకో.

బుజ్జి_బెజవాడ

రోహిణీ కార్తెలో మా బెజవాడలో పెన్నులో సిరా కూడా ఎండిపోతుంది పిన్నీ 😄

మోనో_మామ

సరే, ఆ ఒక్క పాట విషయంలో నేను ఓడిపోయా. 1961ది 1946 దానికంటే బాగుంది. గొంతు లోతుగా దిగింది, తొందర లేదు. కానీ "నేచర్ బాయ్"? "స్వీట్ లొరేన్"? అవి కుదరవు. "స్వీట్ లొరేన్" 1940లో డెక్కా కంపెనీకి పాడిన రికార్డు ఒక్కసారి విని రండి, అప్పుడు మాట్లాడదాం.

శ్రుతిపెట్టె

"నేచర్ బాయ్" అనగానే ఆగలేకపోయా. కర్ణాటక సంగీతం నేర్చుకున్నవాళ్ళు ఎవరైనా ఇది వింటే మనసు కీరవాణి వైపు వెళ్తుంది. హార్మొనిక్ మైనర్ మన కీరవాణి స్వరాలే కదా. ఇది కీరవాణి అని నేను అనను, ఆ ఛాయ ఉంది అంతే, గమకాలు లేవు, కింద కార్డ్స్ (కలిపి మోగించే స్వరాలు) మారుతున్న తీరు పూర్తిగా వాళ్ళది. ఆయన మాత్రం స్వరాన్ని పట్టుకుని కదలకుండా నిలబెడతాడు చూడండి, మా టీచర్ దీన్నే "స్వరం మీద కూర్చోవడం" అనేవారు.

పాట రాసినాయన కథ ఇంకా బాగుంటుంది. పేరు ఈడెన్ అహ్‌బెజ్. గడ్డం, పొడుగు జుట్టు, కాళ్ళకి చెప్పులు, ఆరుబయట పడుకునేవాడు, పచ్చి కూరగాయలు పళ్ళు తినేవాడు. హిప్పీలు అనే మాట పుట్టడానికి ఇరవై ఏళ్ళ ముందు సంగతి ఇది. 1947లో కోల్ పాడుతున్న థియేటర్‌కి వెళ్ళి ఆ కాగితం ఆయన మనుషుల చేతిలో పెట్టి వచ్చాడు. ఆయన ఇంగ్లిష్‌లో తన పేరు ఎప్పుడూ చిన్న అక్షరాలతోనే రాసుకునేవాడు, పెద్దక్షరాలు దేవుడికీ అనంతానికీ మాత్రమే చెందాలని. మన లిపిలో పెద్దక్షరం చిన్నక్షరం లేవు కాబట్టి తెలుగులో ఆయన పేరు ఆయన కోరుకున్నట్టే వస్తుంది, అది నాకు భలే ఇష్టం.

కడప_కోకిల

శ్రుతిపెట్టె గారూ చివరి మాట చానా బాగుండాది.

నల్లరేకు

ఆ పాట 1947 ఆగస్టులో రికార్డ్ చేసి పక్కన పెట్టారు. 1948 జనవరి నుంచి అమెరికాలో వాద్యకారుల యూనియన్ రికార్డింగులు బంద్ పెట్టింది. ఆ బంద్ మధ్యలో ఇది విడుదలై వారాల తరబడి నంబర్ వన్. మిగతా కంపెనీలు పోటీకి పాడించాలంటే వాయించేవాళ్ళు లేరు. ఫ్రాంక్ సినాట్రా పాడిన వెర్షన్ అందుకే వాయిద్యాలు లేకుండా ఒట్టి కోరస్‌తో ఉంటుంది.

ఇంకో బంద్ కూడా ఈయన కథలో ఉంది. 1942 ఆగస్టులో మొదలైన మొదటి బంద్. క్యాపిటల్ అప్పుడే పుట్టిన పిల్ల కంపెనీ. 1943 అక్టోబరులో యూనియన్‌తో రాజీ పడింది, నవంబరు 30న కోల్ ట్రయోని స్టూడియోలోకి తెచ్చింది, ఆ రోజు పాడిందే రాజు గారు మొదట విన్న "స్ట్రెయిటెన్ అప్". ఆ పాటకి కథ వాళ్ళ నాన్నగారు చర్చిలో చెప్పిన ప్రసంగం నుంచి వచ్చింది. డబ్బు అవసరమై పాట హక్కులు అంతకుముందే 50 డాలర్లకి అమ్మేసుకున్నాడు.

బుజ్జి_బెజవాడ

50 డాలర్లకా!! అయ్యో

లాలాగూడ_రాజు

ఆ ఒక్క ముక్క ఇని మనసు కలుక్కుమంది.

మధ్యరాత్రి_పియానో

డబ్బు సంగతి వచ్చింది కాబట్టి ఇంకోటి. 1945 మార్చిలో బిల్‌బోర్డ్ పత్రిక మొదటిసారి ఆల్బమ్‌ల చార్ట్ వేసింది. ఆ మొట్టమొదటి చార్ట్‌లో నంబర్ వన్ ఈ ట్రయో ఆల్బమే. అప్పట్లో ఆల్బమ్ అంటే నిజంగా ఆల్బమే, పెళ్ళి ఫోటోల ఆల్బమ్‌లాగా అట్టల మధ్య కాగితం సంచులు, ఒక్కో సంచిలో ఒక 78 రికార్డు. ఈ ట్రయో ముచ్చట ఏ బెస్ట్ ఆఫ్ వాడూ ముందు చెప్పడు.

వాల్తేరు_గాలి

ఇన్ని పోస్టులు చదివాను, ఒకటి ఎవరూ అనలేదు. ఈయన గొంతు వింటుంటే నాకు ఏ.ఎం. రాజా, పి.బి. శ్రీనివాస్ గుర్తొస్తారు. రాగం, భాష, బాణీ దేనికీ పోలిక లేదు, కానీ మైకు దగ్గర నిలబడి వెనక బెంచీవాడికి వినపడాలని అరవకుండా పక్కన కూర్చున్న మనిషితో చెప్పినట్టు పాడటం ఉంది చూశారా, అది ఒకటే. నాటకాల కాలంలో మైకు లేక గొంతెత్తి పద్యం చదివేవాళ్ళు, మైకు వచ్చాక దాన్ని చెవి అనుకుని పాడినవాళ్ళు వీళ్ళు.

శ్రుతిపెట్టె

రాజా గారి పోలిక సరిపోయింది. శ్రీనివాస్ గారి కింది స్థాయి స్వరాలు వింటే ఇంకా దగ్గర. ఒక్క తేడా, కోల్ ప్రతి మాట చివరి హల్లు దాకా పలుకుతాడు, మింగడు. ఇంగ్లిష్ సరిగా రాని మా అమ్మమ్మ కూడా ఈయన పాటల్లో మాటలు విడివిడిగా పట్టుకునేది.

కడప_కోకిల

ఆ గొంతుకి సిగరెట్లే కారణమని ఆయనే నమ్మేవాడని చదివినా. రోజుకి మూడు ప్యాకెట్లు అంట. చివరికి ఊపిరితిత్తుల క్యాన్సర్. 1965 ఫిబ్రవరి 15. వయసు 45.

మోనో_మామ

45 అంతే. అంటే ఈ సెట్ చేశాక నాలుగేళ్ళు కూడా పూర్తిగా లేడు. ఇప్పటిదాకా నేను ఆ లెక్క వేసుకోలేదు.

వాల్తేరు_గాలి

ఇంకో సంగతి ఉంది, సెట్‌లోని పాటల్లో వినపడనిది. 1948లో లాస్ ఏంజెలెస్‌లో తెల్లవాళ్ళుండే హాంకాక్ పార్క్‌లో నల్లవాడైన ఈయన ఇల్లు కొంటే చుట్టుపక్కల వాళ్ళు సంఘం పెట్టి రావద్దన్నారు. ఆయన వెళ్ళి ఉన్నాడు. 1956 ఏప్రిల్‌లో సొంత రాష్ట్రం అలబామాలో, బర్మింగ్‌హామ్‌లో, పాడుతుండగా తెల్లవాళ్ళు స్టేజీ ఎక్కి కొట్టి పడేశారు. అదే ఏడాది నవంబరులో ఎన్‌బీసీలో సొంత టీవీ షో మొదలైంది. దేశమంతటికీ ఒక్క స్పాన్సరూ ముందుకు రాలేదు, తెల్లవాళ్ళ సరుకు నల్లవాడి షోలో అమ్మితే దక్షిణాదిలో కొనరని భయం. ఎల్లా ఫిట్జ్‌జెరల్డ్ లాంటి పెద్ద పెద్ద కళాకారులు నామమాత్రపు డబ్బుకి వచ్చి పాడి వెళ్ళారు. ఏడాది దాటాక 1957 డిసెంబరులో ఆయనే ఆపేశాడు.

ఆ ఏళ్ళలోనే "లవ్ ఈజ్ ద థింగ్" అనే ఆల్బమ్ అంత మెత్తగా పాడాడు. ఎలా పాడగలిగాడో నాకు అర్థం కాదు. ఆయన మరీ మెత్తన, పోరాడలేదు అని అప్పట్లో సొంతవాళ్ళే విమర్శించారు. పగలబడి అరిచేవాడి కోపం అందరికీ కనపడుతుంది, ఈయనది కనపడలేదు అంతే అని నేను అనుకుంటా.

మధ్యరాత్రి_పియానో

+1. ఆయన రికార్డులు అమ్మిన డబ్బుతోనే క్యాపిటల్ నిలబడింది. 1956లో హాలీవుడ్‌లో కట్టిన ఆ గుండ్రటి పదమూడు అంతస్తుల భవనాన్ని జనం "నాట్ కట్టిన ఇల్లు" అనేవాళ్ళు.

లాలాగూడ_రాజు

అందరికీ దండాలు, ఇంత వస్తదని అనుకోలే. కానీ నా రెండో ప్రశ్న అట్లనే ఉన్నది. అసలు రికార్డింగుల సెట్ ఏది కొనాలె?

నల్లరేకు

జేబుని బట్టి చెప్తా. అసలు హిట్లు, ట్రయో రోజుల నుంచి చివరి దాకా కావాలంటే క్యాపిటల్ వాళ్ళు 1992లో వేసిన నాలుగు సీడీల పెట్టె. పాత సీడీ కాబట్టి ఓపిగ్గా వెతికితే దొరుకుతుంది. స్ట్రీమింగ్‌లో వినేటట్టయితే ఒక్కటే జాగ్రత్త, ఆ పాట ఏ ఏడాది రికార్డ్ చేసిందో చూసుకోండి, 1961 అని ఉంటే మీ దగ్గరున్నదే.

మధ్యరాత్రి_పియానో

నల్లరేకు చెప్పింది హిట్ల వరకే. ట్రయో కావాలంటే మొజాయిక్ కంపెనీ 1991లో వేసిన 18 సీడీల సెట్ ఉంది, క్యాపిటల్‌లో ట్రయో చేసిందంతా అందులో ఉంది. పరిమితంగా వేశారు, ఇప్పుడు రేటు చూస్తే కళ్ళు తిరుగుతాయి. అంతకుముందు కాలానిది, 1936 నుంచి 1943 వరకు, 2019లో ఆయన శతజయంతికి రెజొనెన్స్ వాళ్ళు 7 సీడీలుగా తెచ్చారు, అది సులువుగా దొరుకుతుంది.

ఇవేవీ వద్దు, ఒక్కటే కొంటా అంటే "ఆఫ్టర్ మిడ్‌నైట్" కొనండి. కంపైలేషన్ కాదు. 1956లో, అంత పెద్ద పాప్ స్టార్ అయ్యాక, మళ్ళీ పియానో ముందు కూర్చుని చిన్న గ్రూప్‌తో పాత పాటలు వాయిస్తూ పాడాడు. హ్యారీ ఎడిసన్ ట్రంపెట్, స్టఫ్ స్మిత్ వయొలిన్. అది వింటే మోనో మామ గారికి కూడా మళ్ళీ పాడటం మీద కోపం పోతుంది.

మోనో_మామ

ఆ ఆల్బమ్ నా దగ్గరుంది. ఇష్టం కూడా. "స్వీట్ లొరేన్" అందులోనూ ఉంది కదా, నా మాట నాకే ఎదురొచ్చింది. అయితే ఒక తేడా చెప్తాను, అక్కడ పాతదాన్ని మళ్ళీ తయారుచేయాలని చూడలేదు, కొత్తగా వాయించారు. 1961 సెట్‌లో ఆర్కెస్ట్రా పాటలు పాత అచ్చు మీద పోత పోసినట్టు ఉంటాయి. నా ఫిర్యాదు అది.

వాల్తేరు_గాలి

ఆ అచ్చులో పోసిన గొంతు మాత్రం వేరు మామా.

డల్లాస్_పిన్ని

రాజు గారూ సెట్ వెనక్కి పంపకండి. ఒక్కసారి రెండూ పక్కపక్కన పెట్టుకుని వినండి, మీ చెవి ఏమంటుందో అది చెప్పండి.

లాలాగూడ_రాజు

పిన్ని చెప్పినట్టే చేసిన. పొద్దున ఇంట్ల ఎవ్వరు లేరు. ఫోన్ల 1943ది, రికార్డు మీద 1961ది, ఒకటి తర్వాత ఒకటి నాలుగుసార్లు పెట్టిన.

పాతదాంట్ల ఆయన నవ్వుకుంట పాడుతున్నడు, కోతికి గద్దకు జరిగిన కథ చెప్పుడే ఆయనకు మస్తు సంబురం ఉన్నట్టు. కొత్తదాంట్ల ఆ సంబురం తక్కువ, మామ చెప్పింది నిజమే. కానీ ఆ ప్రసంగం చెప్పింది వాళ్ళ నాయన అని నల్లరేకు అన్న రాసినంక విన్న గద, ఈసారి నాకు కొడుకు పాడినట్టు అనిపియ్యలే. నాయన చెప్తున్నట్టు అనిపించింది.

తర్వాత అదే వైపు చివరి పాట, క్రిస్మస్ది. పక్కింటి ఆంటీ దగ్గర ఉన్నది 78 కాబట్టి అది 1946దో 1953దో అయ్యుంటది, ఇది కాదు. తెల్సు. అయినా డిసెంబరుల వాళ్ళ కిటికీల కాగితం నక్షత్రం, కేకు వాసన, మా అమ్మ స్టీలు డబ్బల సకినాలు పెట్టి నా చేత వాళ్ళింటికి పంపుడు, అన్నీ వచ్చినయ్.

అమ్మినాయనకు మెసేజ్ పెట్టిన, వాపస్ వద్దు, కానీ అట్ల రాయకు, 1961ల మళ్ళ పాడినవని సాఫ్‌గ రాయి అని. నాలుగు సీడీల పెట్టె గూడ వెతుకుతున్న, ఎవరికన్న కనిపిస్తే చెప్పుండ్రి.

కడప_కోకిల

నాకు రెండు కనిపిస్తే ఒకటి నాకు పెట్టుకుంటా, ఇంకోటి మీకే.

మోనో_మామ

రాజు గారూ, నాయన చెప్తున్నట్టు అన్న మాట చదివాక నేనూ లేచి నా కాపీ వెతికాను. ఉంది, నేనే కొని పదేళ్ళుగా అటక మీద పడేశాను. మూడో రికార్డు అసలు సంచిలోంచి తీసిన గుర్తే లేదు. దుమ్ము తుడుస్తున్నా.

మధ్యరాత్రి_పియానో

మొదటి వైపు నుంచి మొదలుపెట్టండి మామా. పియానో వినండి.